గోడ మీద తమ్ముడు

మా తమ్ముడు కలైస్‌కు సమాధిరాయి చెక్కుతున్న పూట, కలైస్ ఆ రాయి మీదే కూర్చుని ఎండు అంజూరపండ్లు తింటున్నాడు. వాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు. ఒంట్లో ఏ జబ్బూ లేదు.

మా సంఘంలో అది ఆచారం. వెలివేసిన మనిషికి రాయి పాతుతాం. పేరు చెక్కిస్తాం, దాని మీద పాలూ తేనే పోస్తాం, ఏడవాల్సిన వాళ్లం జుట్టు విరబోసుకుని ఏడుస్తాం. ఆ రోజు నుంచి ఆ మనిషి దారిలో ఎదురైతే ఖాళీ దారిలో నడిచినట్టు నడిచి వెళ్లిపోతాం. పరాయి ఊరివాడు దాహమంటే నీళ్లిస్తాం, వీడికి అవి కూడా ఇవ్వం.

రాయి చెక్కేవాడు దాజోస్. గ్రీకువాడు కాదు. మా తాతలు ఓడలు దిగి మెటాపొంటియన్ అనే ఈ ఊరు కట్టకముందే ఈ నేల మీద ఉన్నవాళ్ల మనిషి. మా మాట వచ్చు, మా మర్యాదలు రావు. వాడూ కలైసూ స్నేహితులు. మా వాడికి ఈ గతి పట్టింది కూడా ఆ స్నేహం వల్లే.

"ఆ గీత వంకర పోయింది మావా. ఎల్లకాలం నేను దీని కింద ఉండాలి, కాస్త చూసి కొట్టు," అన్నాడు కలైస్.

"కింద ఎక్కడున్నావు బాబూ, పైనే కూర్చున్నావుగా. ముందు లే. రాయంతా నీ ఎంగిలే," అన్నాడు దాజోస్.

నేను ఆడవాళ్ల మధ్య నిలబడి, నేల చూస్తూ ఏడుస్తున్నాను. నన్ను ఏడవమన్నారు కాబట్టి ఏడవడం మొదలుపెట్టాను, కాసేపటికి నిజంగానే ఏడుపొచ్చింది. వాడి నవ్వు వినిపిస్తూనే ఉంది.

నా పేరు మెలిట్ట. అమ్మ పోయేనాటికి నాకు పదహారు, వాడికి నాలుగు. సంఘం మా ఇద్దర్నీ తీసుకుంది. అన్నం పెట్టింది, తెల్లబట్టలు ఇచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా లెక్క నేర్పింది. గులకరాళ్లు పేర్చి సంఖ్యకు ఆకారం ఉంటుందని చూపించిన రోజున నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. ఆడదాన్ని కూర్చోబెట్టి త్రికోణాల గురించి మాట్లాడే చోటు లోకంలో ఇంకొకటుందని నేను వినలేదు. అలాగని అక్కడ మాకేదో పెద్దపీట వేశారనుకోకండి. మా పెద్దల దగ్గర పది జంటల పట్టీ ఒకటుండేది. బేసి, కుడి, మగ, వెలుగు, మంచి ఒక వరస. సరి, ఎడమ, ఆడ, చీకటి, చెడు రెండో వరస. నన్ను ఏ వరసలో రాశారో రోజూ నేనే పైకి చదివేదాన్ని.

సంఘంలో చదువుకునేవాళ్లు ముందుగా పాటించాల్సిన అయిదేళ్ల మౌనం కలైస్ పూర్తిచేశాడు. తెర ఇవతల కూర్చుని, గురువు మొహం చూడకుండా, గొంతు మాత్రం వింటూ, పెదవి కదపకుండా అయిదేళ్లు. ఆ తర్వాత వాడు నోరు తెరిచాడు, ఇక మూయలేదు.

నూనె కొట్టు తాళం నా దగ్గర ఉండేది. కిటికీల్లేని గది, నూనె చెడకుండా చీకటిగా ఉండాలి. పడమటి గోడలో రాయి ఊడి వేలెడంత కన్నం పడింది. దాన్ని మెత్తమని కలైస్‌ను పంపితే, వాడు లోపల చల్లగా ఉందని పడుకుని నిద్రపోయాడు. లేచేసరికి ఎదురుగోడ మీద ఓ గాడిద నడుస్తోంది. కాళ్లు పైకి, వీపు కిందికి. గాడిద వెనక మనిషి, వాడూ తలకిందులే. బయట దారిలో వెళ్తున్న గాడిద అది. ఆ కన్నంలోంచి లోపలికి వచ్చింది.

వాడు పరుగున వచ్చి నన్ను లాక్కెళ్లి తలుపు మూశాడు. నేనూ చూశాను. దారి, దారవతల చిక్కుడు చేను, దాని పైన ఉండాల్సిన ఆకాశం కింద, అన్నీ రంగులతో సహా గోడ మీద ఉన్నాయి.

"అక్కా, నేను కళ్లు మూసుకుని పడుకున్నాను కదా. అప్పుడు కూడా ఈ బొమ్మ గోడ మీద ఉండే ఉంటుంది కదా?"

"పడుకున్నవాడివి, నీకెలా తెలుస్తుంది?"

"అదే నేనడిగేది. చూసేవాడు లేనప్పుడు బొమ్మ ఎవరు పంపారు? గోడకి కన్ను లేదే."

నాకు భయమేసింది. ఎందుకంటే మేం నేర్చుకున్నది వేరు. కంట్లో నిప్పు ఉంటుంది. అది తిన్నగా గీతలా బయలుదేరి వస్తువును తాకుతుంది, గుడ్డివాడు కర్ర చాచి తడిమినట్టు. తాకితేనే చూపు. చీకట్లో ఎందుకు కనపడదని అడిగితే, బయటి నిప్పు తోడుంటేనే లోపలి నిప్పు నడుస్తుందని చెప్పేవాళ్లు. ఏది అడిగినా జవాబు ఉండేది. ఆ జవాబుల మీదే నేను పద్దెనిమిదేళ్లు హాయిగా బతికాను.

వాడు ఊరుకోలేదు. కన్నం నుంచి గోడకు ఎంత దూరమో, కన్నం నుంచి దారికి ఎంత దూరమో తాడుతో కొలిచాడు. గోడ మీద గాడిద ఎత్తు జానెడు. లెక్క కట్టి అసలు గాడిద ఎత్తు చెప్పాడు, వెళ్లి కొలిస్తే వెంట్రుకవాసి తేడా లేదు. వెలుగు వస్తువు దగ్గర బయలుదేరి, తిన్నగా వచ్చి, కన్నం దగ్గర గీతలు ఒకదాన్నొకటి దాటుకుని, తలకిందులై గోడ మీద పడుతోందన్నాడు. మన కన్ను కూడా అలాంటి చీకటి కొట్టేనన్నాడు. మనం ఏమీ పంపడం లేదు, వచ్చింది పుచ్చుకుంటున్నాం, అంతే అన్నాడు.

ఇదంతా పెద్దల ముందు చెప్పాడు. మా పెద్ద టెల్లిస్ చెడ్డవాడు కాదు. కలైస్‌ను చిన్నప్పుడు భుజాల మీద తిప్పినవాడు. ఓపిగ్గా విని, కుడి ఎడమవుతోంది, పైన ఉన్నది కిందికొస్తోంది, చీకట్లో వెలుగు పుడుతోంది, పది జంటలూ తారుమారయ్యే చోట జ్ఞానం ఎలా ఉంటుందని అడిగాడు. చివర్లో, చూపు కంటి నుంచి బయలుదేరుతుందని ఆయనే అన్నారు, అన్నాడు. ఆయనంటే మా మొదటి గురువు. ఆయనే అన్నారనే మాట పడ్డాక మాలో ఎవరూ ఇంక మాట్లాడరు.

అయినా ఇంకో ఏడాది మౌనం శిక్షగా వేసి వదిలేసేవాళ్లు. కానీ గడప రాయి మార్చడానికి వచ్చిన దాజోస్‌ను కలైస్ ఆ కొట్లోకి తీసుకెళ్లి చూపించాడని బయటపడింది. లోపలి విద్యను బయటివాడికి చూపించడం, ఆ ఒక్కదానికి మా దగ్గర క్షమాపణ లేదు.

రాయి పాతే ముందు టెల్లిస్ నన్ను పిలిచి, వాడితో వెళ్తానంటే ఆపనని, ఉంటానంటే నియమంతో ఉండాలని చెప్పాడు. నేను ఉంటానన్నాను. ఆలోచించడానికి ఒక రోజు అడగాల్సింది. అదీ అడగలేదు.

కలైస్ ఎక్కడికో పోతాడనుకున్నారందరూ. వాడు దారవతల చిక్కుడు చేలో దిగాడు. ఆ చేను దాజోస్ వాళ్లది, మధ్యలో ఒక గుడిసె, ముందు కాస్త చదును చేసిన నేల. మేం చిక్కుడు తినం, చిక్కుడు చేలో కాలు పెట్టం. చచ్చినవాళ్ల ప్రాణాలు ఆ మొక్కల్లో ఉంటాయని నమ్మకం. తరుముకొచ్చే శత్రువుల నుంచి తప్పించుకోవడానికైనా చిక్కుడు చేను తొక్కకూడదన్నది మాకు కొట్టినపిండి. చచ్చినవాడు ఇంకెక్కడుంటాడని వాడు దాజోస్‌తో అన్నాడట. ఊరి సభలో మా వాళ్ల మాట చెల్లుతుంది కాబట్టి ఎవరూ వాడికి పని ఇవ్వలేదు. దాజోస్ రాళ్లు మోసి, దాజోస్ పెట్టింది తినేవాడు.

ఒకసారి నేను నీళ్ల కడవతో వస్తుంటే దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, ఒక్క మాట. నీ కంట్లో నిప్పు నా దాకా పంపడం లేదు, అందుకని నేను కనపడటం లేదు. అంతేగా?"

నేను వాడి భుజం పక్కనుంచి దూరంగా ఉన్న ఆలివ్ చెట్లను చూశాను.

"సరే, పంపకు. నా మొహం మీంచి వెలుగు నీ కంట్లో పడుతోందే, దాన్నేం చేస్తావు? కళ్లు మూసుకోవే, చూద్దాం."

మూసుకోలేదు. మూసుకుంటే ఒప్పుకున్నట్టే. వాడి పక్కనుంచి నడిచి వచ్చేశాను. కళ్లలో నీళ్లేమిటని ఆడవాళ్లు అడిగితే గాలికి దుమ్ము పడిందన్నాను.

ఆ రోజు సాయంత్రం నాకో ఉపాయం తట్టింది. ఇది చెప్పడానికి సిగ్గేస్తోంది, అయినా చెప్తాను. కొట్టు గోడలో కన్నం ఇంకా అలాగే ఉంది. ఎవరూ మెత్తలేదు. దానికి సరిగ్గా ఎదురుగా చిక్కుడు చేను. నేను కొట్లోకి వెళ్లి తలుపు మూసుకుని గోడ మీది బొమ్మ చూస్తే నా చూపు ఎక్కడిదాకా వెళ్తుంది? గోడ దాకా. గోడను చూడొద్దన్న నియమం లేదు. తమ్ముడూ కనపడతాడు, నియమమూ నిలుస్తుంది. వాడు కనిపెట్టినదాంతోనే వాణ్ని చూడకుండా చూసే దారి కనిపెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోజూ పొద్దున్న, ఎండ చేను మీద సూటిగా పడే వేళ, నూనె తెచ్చే వంకతో వెళ్లేదాన్ని. జానెడు మనిషి గోడ మీద తలకిందులుగా తిరిగేవాడు. నిప్పు రాజేసేవాడు, పొగ కిందికి పోయేది. వాడి కంచం ఎంత నిండిందో తెలిసేది కాదు గానీ, తింటున్నాడని తెలిసేది. అది చాలు అనుకునేదాన్ని.

పదో రోజో, పన్నెండో రోజో, వాడు చదును నేల మీదికి వచ్చి కొట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు చూసి, చేతులు నేలకానించి కాళ్లు పైకి లేపాడు. గోడ మీద నా తమ్ముడు నిటారుగా నిలబడ్డాడు. తల పైన, కాళ్లు కింద, మిగతా లోకమంతా తలకిందులు, వాడొక్కడే తిన్నగా. నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను. నేను అక్కడుంటానని వాడికి తెలుసు. వాడి అక్క ఎంత పిరికిదో, ఆ పిరికితనం ఏ దారి వెతుక్కుంటుందో వాడు ముందే లెక్క కట్టేశాడు.

అప్పటి నుంచి రోజూ అదే. ఓ పది గుక్కలసేపు చేతుల మీద నిలబడేవాడు, దిగి చేయి ఊపేవాడు, పనికి పోయేవాడు. నెల పైన అలా గడిచింది. నా బతుకులో అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

చిక్కుడు పూతకొచ్చింది. తెల్లపూలు, మధ్యలో నల్లమచ్చ. దాజోస్ కొండల్లోకి, రాతి గనికి పోయాడు, పది రోజుల దాకా రాడు. కలైస్ వంగి నడవడం గమనించాను. దగ్గుతున్నాడేమో, గోడ మీద దగ్గు వినపడదు. ఆ పొద్దున్న వచ్చి చేతులు నేలకానించాడు, కాళ్లు సగం లేచాయి, పక్కకు పడిపోయాడు. ఆటలాడుతున్నాడనుకుని నవ్వాను. లేవలేదు. గోడ మీద నేల పైన ఉంటుంది కాబట్టి, పైకప్పు దగ్గర ఎండిన ఆకులా అతుక్కుని ఉన్నాడు. చేయి ఒకటి కదిలింది. ఎండ జరిగి బొమ్మ మసకబారేదాకా అక్కడే నిలబడ్డాను.

పరుగెత్తాలి. పరుగెత్తితే ఎలా తెలిసిందని అడుగుతారు. ఎవరినైనా పంపాలి. పంపితే అదే ప్రశ్న. నా మెదడు లెక్కలు నేర్చిన మెదడు కదా, అన్ని దారులూ చూసింది. చివరికి నేను చేసింది చెప్తాను. కూజా నిండా నీళ్లు తీసుకుని, దారి దాటి, మొహం పక్కకు తిప్పుకుని, చేను గట్టు మీద పెట్టాను. పెడుతుంటే వినపడింది.

"అక్కా... ఇటు తేవే. లేవలేను."

గట్టు మీద నిలబడి ఉన్నాను. చిక్కుడు పూలు నా కాళ్లకు జానెడు దూరంలో ఊగుతున్నాయి. నాకు వినపడలేదనుకున్నాను. వెనక్కి తిరిగి వచ్చేశాను.

మర్నాడు గోడ మీద వాడు కూజా వైపు కాస్త జరిగి ఉన్నాడు. కూజా అలాగే ఉంది, మూతి కిందికి, అయినా చుక్క ఒలకదు. ఆ మర్నాడు ఇంకాస్త జరిగాడు. మధ్యాహ్నానికి మబ్బు పట్టి బొమ్మ పోయింది. మూడో రోజు ఎండ బాగా కాసింది, బొమ్మ ఎప్పుడూ లేనంత స్పష్టంగా వచ్చింది, వాడు కదల్లేదు. కాకులు దిగాయి. గోడ మీద అవి పైకి ఎగురుతున్నట్టు దిగాయి.

ఆరో రోజున దాజోస్ వచ్చాడు. మా వాకిట్లోకి వచ్చి, మీవాణ్ని పూడ్చుకోండని అడిగాడు. టెల్లిస్ నెమ్మదిగా, చేలో ఎవరో తెలియని మనిషి చనిపోయినట్టున్నాడని, కలైస్‌కు జరగాల్సినవన్నీ శీతాకాలంలోనే జరిగిపోయాయని చెప్పాడు. దాజోస్ అందరి మొహాలూ చూసి, నా దగ్గర ఆగాడు.

"గట్టు మీద నీళ్ల కూజా ఉందమ్మా. మీ ఇంటి కూజాలానే ఉంది. ఎవరు పెట్టారో గానీ, ఇంకో ఇరవై అడుగులు వేయలేకపోయారు."

తాను చెక్కిన రాయి కిందే దాజోస్ వాణ్ని తానే పూడ్చిపెట్టాడు.

ఆ సాయంత్రం, ఎప్పటిలాగే అందరం మూడు ప్రశ్నలకు కూర్చున్నాం. ఈ రోజు ఏ తప్పు చేశాను, ఏం చేశాను, చేయాల్సింది ఏది చేయలేదు. ఒకావిడ కోడిని తిట్టానంది. ఒకాయన నిద్ర లేచాక పక్క మీద ఒంటి అచ్చు చెరపడం మరిచానన్నాడు. నా వంతు వచ్చింది. కలైస్‌ను రోజూ చూశానని, వాడు మూడు రోజులపాటు చావడం కూడా చూశానని చెప్పాను.

టెల్లిస్ మొహం పాలిపోయింది. ఎక్కడ చూశావని అడిగాడు. నూనె కొట్లో, గోడ మీద అన్నాను.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. మొహంలో రంగు తిరిగి వచ్చింది.

"గోడ మీదా? మరి అది చెప్పవేం తల్లీ. నీ చూపు గోడనే తాకింది, చేను దాకా వెళ్లలేదు. నువ్వు ఎవర్నీ చూడలేదు. నీ తప్పేమీ లేదు."

పక్కనున్నావిడ నా చేయి పట్టుకుని నిమిరింది. అందరి మొహాల్లో దయ. వాళ్లు నన్ను నిజంగా ప్రేమించారు, అది నేను ఇప్పటికీ కాదనను. ఎంత తేలికో చూడండి. ఆ ఒక్క మాట ఒప్పుకుంటే చాలు, నా తమ్ముడు శీతాకాలంలోనే చనిపోయాడు, గట్టు మీద నన్నెవరూ పిలవలేదు, నేను గోడ చూస్తూ కూర్చున్న ఆడదాన్ని.

వాడు చెప్పింది తప్పయితే నేను నిర్దోషిని. ఒప్పయితే వాణ్ని చంపింది నేనే. ఈ లెక్కకు ఇంక వేరే జవాబు లేదు.

"కాదు పెద్దాయనా," అన్నాను. "నేనేం పంపలేదు. వాడి దగ్గర్నుంచే వచ్చింది. వాడి మొహం మీంచి, వాడి చేతి మీంచి వచ్చి నా కంట్లో పడింది. నేను చూశాను. నీళ్లు అడిగాడు, ఇవ్వలేదు."

"మెలిట్టా, నీ మనసు బాలేదు. చూపు కంటి నుంచే బయలుదేరుతుంది. ఆయనే అన్నారు."

"ఆయన మా నూనె కొట్లోకి రాలేదు."

ఆ మాటన్నాక నన్ను ఇంకేమీ అడగలేదు. నా చేయి పట్టుకున్నావిడ చేయి తీసేసుకుంది.

నా రాయీ దాజోసే చెక్కాడు. పేరు చెక్కడానికి ఒక పూటంతా పట్టింది, ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. ఎక్కడ పాతమంటావమ్మా అని అడిగితే, వాడి పక్కన అన్నాను. మా వాళ్లు వచ్చి పాలూ తేనే పోశారు. ఏడవడానికి నాకంటూ ఎవరూ మిగల్లేదు కాబట్టి పని తొందరగా అయిపోయింది.

ఇప్పుడు ఆ గుడిసెలో ఉంటున్నాను. టెల్లిస్ రోజూ పొద్దున్న ఒంటరిగా నడకకు వెళ్తూ నా ముందునుంచే పోతాడు, ముసలివాడయ్యాడు, కళ్లు నేల మీదే ఉంటాయి. కొట్టు కన్నం మెత్తేశారు. కూజాను గట్టు మీదే ఉంచాను, రోజూ నీళ్లు మారుస్తాను. వాడు చనిపోయిన చోటు నుంచి అక్కడికి ఇరవై రెండు అడుగులు, దాజోస్ రెండు తక్కువ చెప్పాడు. పొద్దున్నా సాయంత్రమూ నడుస్తున్నాను. పాదాలకు చిక్కుడు తీగలు తగులుతాయి, కొంచెం తడిగా ఉంటాయి. అంతకుమించి ఏమీ జరగదు.